మొక్కజొన్న రొట్టె మూల ముక్క

వర్డెల్ ప్రూయిట్ తన కన్నకూతురి పేరు పిలిచినప్పుడు కుర్చీలోంచి అంగుళం కదల్లేదని, అంతకు ముందే ఎక్కడి నుంచో వచ్చిన పరాయి పిల్లకి మాత్రం గబుక్కున లేచి నిలబడిందని మా క్వారీ వీధిలో చెప్పుకుంటున్నారు. మంగలి షాపులో పుట్టిన ఈ మాట చర్చి మెట్లెక్కి, కొండమీది కాలేజీ వంటగదిలో గిన్నెలు కడిగేవాళ్ళ దాకా వెళ్ళింది. వెళ్ళేకొద్దీ దానికి తోకలు మొలిచాయి. కూతురు చదువుకి వెళ్తోందని వర్డెల్ ఓర్చుకోలేకపోయిందని ఒకరు, కూతుర్ని ఇంట్లోంచి గెంటేసిందని ఇంకొకరు.

ఆ రోజు నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. నాకూ ఆవిడకీ మధ్య ఉన్నది ఒక నిమ్మకాయ నీళ్ళ కూజా. నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు, చదివింది అయిదో తరగతి, కానీ కళ్ళజోడు లేకుండా వీధి చివర ఎవరింటి ముందు ఎవరి కారు ఆగిందో చెప్పగలను. మౌంట్ హోరెబ్ చర్చి వార్షిక సంచికకి మన వీధిలో ఒక మనిషి గురించి రాయమని పాస్టరుగారు అడిగారు. పెద్దవాళ్ళ గురించి రాయడానికి చాలామంది ఉన్నారు. నేను వర్డెల్ గురించి రాస్తాను.

వర్డెల్ పుట్టింది మా ఎదురింట్లోనే. వాళ్ళమ్మ కాలేజీ హాస్టల్లో గదులు తుడిచేది. పిల్ల బడిలో అన్నిట్లో ముందుండేది. పంతొమ్మిదో ఏట ఒకరోజు పొద్దున్నే వచ్చి నా తెల్ల చేతితొడుగులు అరువడిగింది. కాలేజీలో చేరడానికి కాగితం తెచ్చుకుందామని కొండెక్కి వెళ్ళింది. ఆఫీసు కిటికీలోని మనిషి ఆ పిల్లని పైనుంచి కిందికి చూసి, ఏం కాగితం అని కూడా అడక్కుండా వంటగది పని దరఖాస్తు తీసి ఇచ్చాడు. వర్డెల్ అది వద్దనలేదు. అక్కడే నిలబడి నింపేసి వచ్చింది. చేతితొడుగులు ఉతికి, మడతపెట్టి తిరిగిచ్చింది. ఆ రోజు సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేను ఎన్నిసార్లు కదిపినా సరే.

అప్పటినుంచీ కాలేజీ భోజనశాలలో గుడ్ల కౌంటరు ఆవిడదే. ముప్ఫై మూడేళ్ళు. ఏ పిల్లకి గుడ్డు గట్టిగా కావాలో, ఎవరికి ఉల్లిపాయ పడదో అడక్కుండానే తెలుసు. ఎమ్మెట్ ప్రూయిట్‌ని పెళ్ళాడింది, ఒక్కతే కూతురు, తలితా. ఎమ్మెట్ రాతిగని ప్రమాదంలో పోయి తొమ్మిదేళ్ళయింది.

ఇక ముందువారం గురించి చెప్పాలి. కాలేజీవాళ్ళు దానికి డైవర్సిటీ ఓరియెంటేషన్ అని పేరు పెట్టారు గానీ మా వీధిలో అది ముందువారమే. తెల్లపిల్లలు దిగడానికి వారం ముందు మన పిల్లల్ని రప్పిస్తారు. నల్లపిల్లలు, మెక్సికో వాళ్ళు, ఆదివాసులు, వియత్నాం వాళ్ళ మనవలు, అందరూ. క్లాసులో నువ్వొక్కతివే నల్లపిల్లవైతే, బానిసల కాలం పాఠం వచ్చినప్పుడు అందరూ నీ వైపు తిరిగితే ఏం చెయ్యాలి, ఎవరైనా అడక్కుండా జుట్టు పట్టుకుని చూస్తే ఏమనాలి, ఇలాంటివి చెప్తారు. మొదట్లో అవి చెప్పి ఊరుకునేవాళ్ళు. సగంమంది పిల్లలు చలికాలం రాకముందే పెట్టె సర్దుకుని ఇంటికెళ్ళిపోయేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళ కిందట, ఆ కార్యక్రమం చూసే మారిసోల్ అబేటా మా చర్చికి వచ్చి, "పిల్లలకి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళడానికి ఒక ఇల్లు లేదమ్మా" అంది. బల్లపిల్లల పద్ధతి అలా మొదలైంది.

ముందువారం ఆఖరి సాయంత్రం చర్చి కింది హాల్లో విందు. ఏ ఇంటికి ఏ పిల్ల అన్నది మారిసోల్ గిన్నెలోంచి చీటీలు తీసి తేల్చి, జాబితా గుమ్మంలో అంటిస్తుంది. విందులో పేర్లు ఇంటిపేరు ఏ-బీ-సీ వరుసన చదువుతుంది. పేరు వినగానే పిల్ల హాలు మధ్యకి వస్తుంది. ఆ ఇంటావిడ లేచి నిలబడి "ఈమె మా బల్ల పిల్ల" అంటుంది. అంతే, ఆ ఏడంతా ఆదివారం ఆ పిల్ల భోజనం ఆ ఇంట్లోనే. ఒక ఇంటావిడ ఒక ఏడు ఒక్కరికే లేవాలి. అది మొదటినుంచీ ఉన్న కట్టుబాటు.

ఆ రోజుకి ముందు వర్డెల్ పద్దెనిమిది సార్లు లేచింది. అందరి ఫోటోలూ ఫ్రిజ్ తలుపు మీద ఉన్నాయి. ఆవిడకి తన బల్లపిల్లల మీద ఎంత ప్రేమో అంత కుళ్ళు కూడా. హ్యూస్టన్ నుంచి వచ్చిన పిల్ల ఒక ఆదివారం మా వీధిలోనే ఉన్న రోవీనా గాస్కిన్స్ ఇంట్లో మాకరోనీ చీజ్ తిని వచ్చిందని తెలిసి రెండు వారాలు ఆ పిల్లకి మూల ముక్క పెట్టలేదు.

మూల ముక్కంటే మొక్కజొన్న రొట్టె మూల ముక్క. వర్డెల్ దాన్ని వాళ్ళమ్మ చదరపు ఇనప పెనంలోనే కాలుస్తుంది. రెండు పక్కలా కరకరలాడేది మూలే, మధ్య ముక్కలన్నీ మెత్తన. మూలలు నాలుగు. ఒకటి బల్లపిల్లకి, ఒకటి పాస్టరుగారికి, ఒకటి నాకు, నాలుగోది వర్డెల్‌కి. నాది నేను అడిగి పుచ్చుకున్నదే, దాచడానికేముంది.

రోవీనా గాస్కిన్స్ మా చర్చి పెద్ద, డీకన్‌గారి భార్య, చర్చి గాయకబృందంలో ముందు వరుస. వర్డెల్‌ది రెండో వరుస. ఇద్దరికీ ఇరవై ఏళ్ళుగా పడదు. నవ్వుకుంటూనే పడదు.

"సిస్టర్ ప్రూయిట్, నీ రొట్టె బాగుంది. ఈసారి ఉప్పు గుర్తుంచుకున్నావు" అంటుంది రోవీనా.

"సిస్టర్ గాస్కిన్స్, నీ టోపీ బాగుంది. ఈసారి వెనక కూర్చున్నవాళ్ళకి పాస్టరుగారి చెవులు కనబడ్డాయి" అంటుంది వర్డెల్.

కిందటేడు తలితాకి కాలేజీలో సీటొచ్చింది. మా వీధి నుంచి ఎవరికైనా రావడం అదే మొదటిసారి. కింది నుంచి వెళ్ళి పైన వండి, తుడిచి, ఉతికి వచ్చినవాళ్ళమే గానీ పుస్తకం పట్టుకుని వెళ్ళినవాళ్ళం లేము. వీధంతా కారు హారన్లు మోగించాం. ముందువారానికి తలితాని కూడా పిలిచారు. పిలవరా మరి, మన పిల్లేగా. అయితే, ఊళ్ళో పిల్ల ఈ దారిన వస్తుందని ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు. కాగితాలు అందరికీ ఇచ్చినవే ఇచ్చారు. అందులో "ఊళ్ళో మీకొక ఇల్లు కావాలా" అన్న చోట తలితా "అవును" అని టిక్కు పెట్టింది.

జాబితా అంటించిన పొద్దున వర్డెల్ తన పేరు పక్కన చూసుకుంది. నిజోని బెగే, న్యూ మెక్సికో. సంతోషించింది. అలవాటు కొద్దీ గాస్కిన్స్‌కి ఎవరొచ్చారా అని చూసింది. తలితా ప్రూయిట్, క్వారీ వీధి.

నేను వెనకే ఉన్నాను. ఆవిడ ఆ కాగితాన్ని వేలితో తుడిచింది, అక్షరాలు చెరిగితే కింద ఇంకేదో ఉంటుందన్నట్టు. తిన్నగా మారిసోల్ దగ్గరికి నడిచింది. నేనూ నడిచాను, నాకూ అటే పనుంది.

"ఇదేంటి మారిసోల్? నా పిల్లకి ఇల్లు లేదా?"

"తలితా అవునని రాసింది, మిస్ వర్డెల్. చీటీ అలా వచ్చింది."

"మార్చు."

"తలితా వచ్చి అడిగితే ఇప్పుడే మారుస్తాను. కాగితం పిల్లలది. తల్లులొచ్చి మార్పిస్తే ఈ వారం పెట్టడమెందుకు?"

ఆ మధ్యాహ్నం ఎదురింటి కిటికీలు తెరిచే ఉన్నాయి. ఆగస్టు ఎండ, మా కిటికీలూ తెరిచే ఉన్నాయి. నేను చిక్కుళ్ళు ఒలుస్తున్నాను.

"చెట్టు కింద పెరిగావటే నువ్వు? ఇల్లు కావాలని రాస్తావా?" వర్డెల్ గొంతు.

"ఇల్లుంది. ఆ ఇంట్లో ఆదివారం నేనెక్కడ కూర్చుంటానో చెప్పమ్మా."

"బల్ల దగ్గర!"

"ఫ్రిజ్ పక్కన స్టూలు మీద. కుర్చీ బల్లపిల్లది. మూల ముక్క బల్లపిల్లది. పరీక్ష ఎలా రాశావు తల్లీ అని అడిగేదీ బల్లపిల్లనే. ఫ్రిజ్ తలుపు మీద పద్దెనిమిది మొహాలున్నాయి, నా మొహం ఎక్కడుంది?"

"నువ్వు ఇంట్లో పిల్లవే! కళ్ళెదురుగా ఉన్నదానికి ఫోటో ఎందుకే?"

"అందుకే టిక్కు పెట్టాను. ఏటేటా నువ్వు లేచి 'ఈమె మాది' అంటుంటే చూశాను. ఒక్కసారీ నా పేరుకి లేవలేదు. చీటీలో నీ పేరు రావాలని మూడు రోజులు ప్రార్థన చేశాను."

"మరి?"

"దేవుడు గాస్కిన్స్ వాళ్ళ వైపున్నాడు, ఏం చెయ్యను?"

నాకు నవ్వొచ్చింది, కానీ ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. వెళ్ళి మార్పించుకోమని వర్డెల్ అంది. చీటీ చీటీయే, వచ్చింది వదిలి వేరేది అడగడం ఏ బల్లపిల్లా చెయ్యలేదు, నేనూ చెయ్యనని తలితా అంది. తర్వాత గొంతు తగ్గించి, "నీకంతగా కావాలంటే నా పేరు చదివినప్పుడు లే. నిన్నెవరు ఆపారు?" అంది.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. పేర్లు ఇంటిపేరు వరుసన చదువుతారు. బెగే ముందొస్తుంది, ప్రూయిట్ ఎప్పటికో. వర్డెల్ కూతురి కోసం తన లేవడం దాచుకోవాలంటే, రెండు వేల మైళ్ళ నుంచి వచ్చిన ఆ నిజోని హాలు మధ్యలో ఒంటరిగా నిలబడాలి. నిజోనికి లేస్తే తలితాకి లేవడానికి కట్టుబాటు ఒప్పుకోదు.

విందు రోజు హాలు కిక్కిరిసింది. రోవీనా ఊదారంగు టోపీ పెట్టుకుంది. దాని మీది ఈక పైన తిరిగే పంకాకి తగులుతుందేమోనని నాకు భయం వేసింది.

"సిస్టర్ ఆర్డేలియా, నా మాకరోనీ రుచి చూశావా? ఈసారి ప్రత్యేకంగా చేశాను. మన ఊరి పిల్ల కదా" అంది నాతో, వర్డెల్‌కి వినబడేటట్టు.

మారిసోల్ చదవడం మొదలెట్టింది. మూడో పేరు నిజోని బెగే. పొట్టిగా, నల్లని జడ నడుము దాటి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో దోపుకుని ఆ పిల్ల మధ్యకొచ్చింది. ఒక క్షణం ఎవరూ లేవలేదు. రెండు క్షణాలు. పిల్ల గుమ్మం వైపు చూసింది. తలితా తల్లి వైపు చూసింది. నేను నా నిమ్మకాయ నీళ్ళు మరిచిపోయాను.

వర్డెల్ లేచింది. "ఈమె మా బల్ల పిల్ల" అంది. గొంతు స్పష్టంగానే ఉంది. అది గబుక్కున లేవడమని చెప్పుకునేవాళ్ళు ఆ రెండు క్షణాలు అక్కడ లేరు.

తర్వాత పేరు మీద పేరు. పళ్ళేల్లో అన్నం చల్లారింది. తలితా ప్రూయిట్ అని చదివేసరికి హాలంతా చప్పట్లు, మన వీధి పిల్ల అని. తలితా మధ్యకొచ్చి గాస్కిన్స్ బల్ల వైపు చూడాల్సింది. తల్లి వైపు చూసింది. తొమ్మిదేళ్ళ పిల్లలా చూసింది, తండ్రి పోయినప్పుడు చూసినట్టు.

అంగుళం కదల్లేదంటున్నారే, అది అబద్ధం. వర్డెల్ రెండు అరచేతులూ బల్ల మీద ఆనించింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు నేను విన్నాను. సగం దాకా లేచింది. కూతురి మొహంలోకి చూసింది. అప్పుడు వర్డెల్ మొహంలో ఒకటి కనబడింది, ముప్ఫై మూడేళ్ళ కిందట నా చేతితొడుగులు తిరిగిచ్చేటప్పుడు కనబడింది అదే. మళ్ళీ కూర్చుంది. ఈలోగా ఊదారంగు టోపీ లేచింది. "ఈమె మా బల్ల పిల్ల!" అని రోవీనా అన్నది కాలేజీ దాకా వినబడి ఉంటుంది.

తలితా వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చుంది. రోవీనా మాకరోనీ అంచున మాడిన చీజ్ ముక్క గీకి తీసి ఆ పిల్ల పళ్ళెంలో పెట్టింది. తలితా తల్లిని చూస్తూ తింది. వర్డెల్ ఆ ముక్క అయిపోయేదాకా చూసింది. ఆ ఫోర్కు ఎన్నిసార్లు పైకి లేచిందో అడిగితే ఇప్పటికీ చెప్తుంది.

గెంటేసిందన్నది కూడా అబద్ధమే. తలితా హాస్టల్‌కి వెళ్ళింది, అందరు పిల్లల్లాగే. పెట్టె మోసింది వర్డెల్. దుప్పట్లు, దిండు, రెండు డబ్బాల బిస్కెట్లు మోసింది. కాకపోతే ఇద్దరి మధ్యా మాటలు కరువు.

ఆదివారాలు తలితా గాస్కిన్స్ ఇంటికి వెళ్ళేది. ఆ ఇల్లు వీధి రెండో చివర. భోజనాల వేళకి వర్డెల్‌కి ఆ చివర ఏదో ఒక పని తగిలేది. ఒకరోజు ఉత్తరం, ఇంకోరోజు తప్పిపోయిన పిల్లి. ఆవిడకి పిల్లి లేదు. నేను అడిగితే, "చలిగాలి ఒంటికి మంచిది మిస్ ఆర్డేలియా" అంది. ఆ ఇంటి కిటికీలోంచి తలితా నవ్వు వినబడితే అక్కడే కాసేపు బూటు తాడు కట్టుకునేది. ఆవిడ బూట్లకి తాళ్ళుండవు.

నిజోని మాత్రం ప్రతి ఆదివారం వర్డెల్ ఇంటికి వచ్చేది. నాకిష్టమైన పిల్ల, అడిగినదానికల్లా జవాబు చెప్తుంది. కాలేజీ సంగతులు నాకు తెలిసింది ఆ పిల్ల వల్లే. అక్టోబరులో ఒకరోజు మా అరుగు మీద కూర్చుని చెప్పింది.

"మిస్ ఆర్డేలియా, పొద్దున్న గుడ్ల కౌంటరు దగ్గర లైన్లో నా ముందు తలితా ఉంది."

"ఊఁ?"

"మిస్ వర్డెల్ 'రెండా, మూడా తల్లీ' అని అడిగారు, అందర్నీ అడిగినట్టే. తలితా 'రెండు, మిస్ వర్డెల్' అంది."

"అమ్మా అనలేదా?"

"అనలేదు. మిస్ వర్డెల్ గుడ్లు వేశారు. కానీ మూడు వేశారు. మూడూ మాడ్చేశారు."

ముప్ఫై మూడేళ్ళలో వర్డెల్ గుడ్డు మాడ్చిందని నేనెప్పుడూ వినలేదు. ఇక ఊరుకోలేకపోయాను. అడగవలసింది అడక్కుండా పోతే నాకు సమాధిలో కూడా నిద్ర పట్టదు.

ఆ శనివారం మధ్యాహ్నం రోడ్డు దాటి వెళ్ళాను. వర్డెల్ వంటింట్లో పెనానికి నూనె రాస్తోంది. ఫ్రిజ్ తలుపు మీద ఫోటోలు కాస్త పక్కలకి జరిగి ఉన్నాయి. మధ్యలో తలితా ఫోటో, బడి పూర్తయిన రోజుది. నేను చూశానని ఆవిడ చూసింది.

"ఏమీ అనకండి" అంది.

"అనను. ఒక్కటడుగుతాను. ఊరంతా నానా రకాలుగా చెప్పుకుంటోంది. నువ్వు సగం లేచావు, నేను చూశాను. మళ్ళీ ఎందుకు కూర్చున్నావు? గాస్కిన్స్ అంటే కుళ్ళా? కట్టుబాటని భయమా? సూటిగా చెప్పు."

వర్డెల్ నూనె గుడ్డ కింద పెట్టింది. చేతులు తుడుచుకుంది.

"రోవీనా అంటే కుళ్ళు ఎప్పుడూ ఉన్నదే, దానికి కూర్చోవడమెందుకు? దానికైతే కుర్చీ ఎక్కి నిలబడేదాన్ని. లేస్తూ తలితా మొహం చూశాను. మారిసోల్ చేతిలో కాలేజీ కాగితం, దాని మీద ప్రూయిట్ అన్న పేరు. ఆ కాగితం ఒకప్పుడు నేనడిగాను కదా మిస్ ఆర్డేలియా, మీ తొడుగులు వేసుకుని. నా కడుపున పుట్టిన పిల్లని చూసి నాకు కుళ్ళొచ్చింది. నా కుర్చీలో అది కూర్చుంటున్నట్టు. ఆ మొహం పెట్టుకుని 'ఈమె మాది' అంటే తలితా ఇట్టే పట్టేస్తుంది, నా కూతురు. ఆ కుళ్ళు పోయేదాకా కూర్చుందామనుకున్నాను. పోయింది కూడా, ఎంతోసేపు పట్టలేదు. తల ఎత్తేసరికి ఎదురుగా ఆ దిక్కుమాలిన ఊదారంగు టోపీ. నిన్న హాస్టల్‌కి వెళ్ళి తలితాకి ఇదంతా చెప్పేశాను. ఏడ్చింది, నన్నూ ఏడిపించింది. తర్వాత, ఆదివారాలు గాస్కిన్స్ ఇంట్లో భోజనం ఒంటిగంటకి అయిపోతుంది, రెండింటికి వస్తానంది. మూల ముక్క ఉంచమంది. అదే ఆలోచిస్తున్నాను. నిజోనిది నిజోనిది, తియ్యను. పాస్టరుగారిది తియ్యలేను. నాది నేనివ్వను, అది ముప్ఫై మూడేళ్ళు నిలబడి తెచ్చుకున్నది. అందుకని రేపటినుంచి మీకు మధ్య ముక్క, మిస్ ఆర్డేలియా. మీరేమనుకున్నా సరే."